గుంట తీసుకోనా అమ్మా?

మా ఇంట్లో పైపు పగలడం వింత కాదు. ఒక నెల పగలకుండా ఉంటే అదీ వింత. అరసవల్లి శివార్లలో ఈ ఇల్లు కొన్నప్పుడు మా నాన్న వాస్తు చూశాడు, గోడలు తట్టి చూశాడు, పొద్దున్నే కిటికీలోంచి ఎండ పడుతుందని మురిసిపోయాడు. భూమిలో ఏముందో మాత్రం చూడలేదు. ఆయన హాయిగా పోయాడు. ఆ పైపులు నా నెత్తిన పడ్డాయి.

ట్యాంకు మేడ మీద ఉంది. అక్కడినుంచి దిగిన లైను పెరట్లో బట్టలుతికే బండ కిందుగా వెళ్ళి, వంటింటికో పాయ, స్నానాలగదికో పాయ, ఇంటిని చుట్టి వీధి గేటు దగ్గర కుళాయికో పాయగా చీలుతుంది. ఎక్కడ పగిలినా ముందు చచ్చేది ఆ గేటు దగ్గర కుళాయే. కట్టేద్దామంటే వాల్వు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ట్యాంకు మొత్తం ఖాళీ అయ్యేదాకా నీళ్ళు పోవలసిందే, మనం చూస్తూ కూర్చోవలసిందే.

సోములు మా ప్లంబరు. ప్లంబరంటే పదిసార్లు పిలిస్తే ఒకసారి వచ్చేవాడని మీరనుకుంటారు. వీడు పిలవకపోయినా వచ్చేవాడు. అటుగా పోతూ గేటు తోసుకుని, "బావా, నా పైపులు ఎలాగున్నాయి?" అని అడిగేవాడు. ఇల్లు నాదట, పైపులు వాడివట. నాకు వాడు ఏ వరసా కాడు. మా వైపు నాలుగు రోజులు సావాసం కుదిరితే బావే. వాడు ఒకచోట అతికితే ఇంకోచోట కారేది. నేను తిట్టేవాణ్ణి. వాడు నవ్వి, టీ తాగి వెళ్ళేవాడు. అంత నిదానస్తుణ్ణి నేను చూడలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పబుద్ధి కాదు గనక.

నాకు కూతురు పుట్టాక రోజూ వచ్చేవాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, "గుంట ఏటి సేస్తన్నాది బావా?" అని అడిగేవాడు. శ్రీకాకుళంలో ఆడపిల్లని గుంట అంటాం. ముద్దొచ్చినా గుంటే, కోపమొచ్చినా గుంటే. మా ఆవిడ సుహాసినిది భీమవరం. ఆ మాట వింటే ఆమెకి ఒళ్ళు మండేది. "నా కూతురు గుంటేంటండీ? గొయ్యా, నుయ్యా? మనిషి పిల్ల కాదా?" అని నన్ను సాధించేది. "గుంటని గుంటనక ఏటంటారే" అని మా అమ్మ నవ్వేది.

పురుడు పుట్టింట్లో పోసుకోవడం ఆనవాయితీ. కానీ సుహాసినికి తల్లి లేదు. అందుకని మా ఇంట్లోనే మా అమ్మ పోసింది. పిల్లకింకా పేరు పెట్టలేదు. ఆ వారంలోనే బారసాల అనుకున్నాం. సుహాసిని రోజుకో పేరు చెప్పేది, సాయంత్రానికి అది నచ్చేది కాదు.

ఆశ్వయుజం చివర్లో వాయుగుండం పట్టింది. కరెంటు పోయింది. ఆ వానలోనే సోములు చచ్చిపోయాడు.

ఊళ్ళో ఏదో అపార్ట్‌మెంటు కడుతుంటే మురుగు పైపు వేయడానికి లోతుగా గొయ్యి తీస్తున్నాడట. నానిన గట్టు వాడి మీదకి కూలింది. తవ్వి బయటికి తీసేసరికి తెల్లారింది. నేను వెళ్ళేసరికి వాణ్ణి ఇంటిముందు పడుకోబెట్టారు. వాడి పెళ్ళాం కుమారి కొంగుతో వాడి నోరు తుడుస్తోంది. తుడిచినకొద్దీ మట్టి వస్తోంది. ఎవరో చెయ్యి పట్టుకుని లాగారు. మళ్ళీ వచ్చి తుడిచింది. మళ్ళీ వచ్చింది మట్టి.

సుహాసినికి నేను చెప్పలేదు. అమ్మ ముందురోజే శ్రీకూర్మంలో పిన్ని ఇంటికెళ్ళి వానలో చిక్కుకుపోయింది. ఫోన్ చేస్తే, "బాలింతకి సావు కబురు సెప్పకురా, జడుసుకుంటాది, పాలింకిపోతాయి. దినాలయ్యాక నిదానంగా సెప్పొచ్చు" అంది. మా ఇళ్ళల్లో ఎవరైనా అదే చెబుతారు. మా షాపులోకి నీళ్ళొచ్చాయేమో, స్టీలు సామాన్లు పైకెక్కించి వస్తానని సుహాసినికి అబద్ధం చెప్పి బయల్దేరాను. పిల్ల అప్పుడే పాలు తాగి నిద్రపోతోంది. నిద్రలో పెదవులు చప్పరిస్తోంది. వంగి ముద్దు పెట్టుకోబోయి, శవం దగ్గరికి పోయేవాణ్ణి కదా అని ఆగిపోయాను. దానికి ఇప్పటికీ ఏడుస్తాను.

నాగావళి ఒడ్డున రేకుల షెడ్డు కింద సోములుని కాల్చాం. తడి కట్టెలు, బోలెడు కిరసనాయిలు. ఆలస్యమైంది గానీ కాలింది. నా కళ్ళతో నేను చూశాను. ఏరు గట్లు దాటి పారుతోంది. స్నానానికి ఎవర్నీ దిగనివ్వలేదు. నెత్తిన కాసిని నీళ్ళు చల్లుకుని, ఇళ్ళకెళ్ళి పోసుకుందామని విడిపోయాం.

బండి దగ్గరికొచ్చి ఫోన్ చూసుకున్నాను. సుహాసిని వరసపెట్టి చేసింది. తిరిగి చేస్తే కలవలేదు. పాపకేమైందోనని ఆ వానలో బండి ఎలా నడిపానో నాకే తెలీదు.

ఇంటికి చేరేసరికి దీపాల వేళ. దీపాలు మాత్రం ఎక్కడా లేవు. వీధంతా బొగ్గులా ఉంది. మా ముందుగదిలో కొవ్వొత్తి వెలుగొక్కటే కిటికీ చువ్వల్లోంచి కనిపిస్తోంది. పిల్ల ఏడుపు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించాను. ఏడుపు లేదు. ఇంటి వెనకనుంచి నీళ్ళ చప్పుడు. వాన కాదు. సన్నని కంతలోంచి బలంగా తన్నుకొచ్చే నీళ్ళు... ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. పైపు పగిలింది. అంతే కదా అనుకున్నాను. నిజంగా ప్రాణం లేచొచ్చింది.

శ్మశానం నుంచి వచ్చినవాడు నీళ్ళు పోసుకోకుండా గడప దాటకూడదు. పురిటిల్లయితే చెప్పనే అక్కర్లేదు. పోయినవాడు మన వెనకాలే వస్తాడంటారు, నీళ్ళు పోసుకుంటే అక్కడితో తెగిపోతుందంటారు. గేటు దగ్గర కుళాయి తిప్పాను. గరగరమని గాలి వచ్చింది. చుక్క నీరు లేదు. బకెట్టులో వాననీళ్ళు పట్టుకుందామంటే బకెట్టు పెరట్లో ఉంది. పెరట్లోకి పోవాలంటే ఇంట్లోంచే దారి.

"ఏవండీ, మీరేనా?" కిటికీ దగ్గరికి సుహాసిని వచ్చింది. తలకి గుడ్డ చుట్టుకుని ఉంది.

"నానే. పాపేది?"

"నిద్రపోతోంది. ఎన్నిసార్లు ఫోన్ చేశానండీ! మధ్యాహ్నం ఢామ్మని పగిలింది. మధ్యగదిలోకి నీళ్ళొచ్చేశాయి. ఒక్కదాన్నీ పచ్చి బాలింతని, చీపురుతో ఎంత తోసినా..." కొంగుతో మొహం తుడుచుకుంది. వెంటనే సర్దుకుంది. "మీరెత్తలేదని ఇంక సోములుకి చేశాను."

వాన చప్పుడులో నేను సరిగ్గా వినలేదనుకున్నాను. "ఎవులికి?"

"సోములండీ. మీ బావగారు." ఆ చీకట్లో కూడా ఎత్తిపొడిచింది. "మీలా కాదు, మొదటి రింగుకే ఎత్తాడు. 'ఇక్కడ పనైపోనాదమ్మా, కాళీగానే ఉన్నాను, వస్తన్నాను' అన్నాడు. ఫోన్ పెట్టానో లేదో, గుమ్మంలో ఉన్నాడు."

నా చెయ్యి కుళాయి మీదే ఉండిపోయింది.

వాడి తమ్ముడెవడైనా వచ్చాడా? తమ్ముడు లేడు. దొంగవెధవ ఎవడైనా? దొంగకి సోములు గొంతెక్కడిది? సోములు నా ఎదురుగానే కాలాడు. ఆ పొగ వాసన ఇంకా నా చొక్కాకుంది...

"ఏడి?" అన్నాను.

"పెరట్లోనే. పని చేస్తున్నాడు. వినపడట్లేదా?"

విన్నాను. నీళ్ళ చప్పుడు కింద ఇంకో చప్పుడు. పార మట్టిలో దిగుతోంది. చప్... చప్... తొందర లేదు. అలవాటైన చెయ్యి.

"సుహాసినీ... నువ్వు మొకం సూసేవా?"

"మొహమేం కనపడుతుందండీ, ఒళ్ళంతా బురదే! కళ్ళల్లో కూడా మట్టే. కడుక్కోవయ్యా అని చెంబుతో నీళ్ళిస్తే, 'ఒద్దమ్మా, ఇప్పుడు ఇది అలవాటైపోనాది' అన్నాడు. బాగా జలుబు చేసినట్టుంది. మాట ముద్దముద్దగా వస్తోంది."

చెప్పేయాలి. వాడు చచ్చిపోయాడని అక్కడే అరిచెయ్యాలి. కానీ ఎదురుగా బాలింత. జడుసుకుంటుంది. వెనక ఎక్కడో పిల్ల ఒక్కతే ఉంది. సుహాసిని కెవ్వుమంటే పెరట్లో ఉన్నది విని ఏం చేస్తుందో... పాపని ముందుగదిలోకి తెప్పిస్తే చాలనుకున్నాను.

"పాపని ఎత్తుకుని ఇలాగ రా," అని గుసగుసగా అన్నాను. "గుమ్మం దగ్గరికి. సప్పుడు సెయ్యకుండా."

"ఈ జల్లులోకా? మతుండే మాట్లాడుతున్నారా? చీకటి పడ్డాక పురిటిపిల్లని గుమ్మంలోకి తేకూడదని మీ అమ్మగారే కదా చెప్పింది. అయినా మీరు ముందు లోపలికి రండి. అలా నిలబడిపోయారేంటి?"

"నీళ్ళు పోసుకోవాలి."

"ఎందుకు?" అని ఆగింది. కొవ్వొత్తి పైకెత్తి నన్ను చూసింది. "ఎక్కడికెళ్ళి వచ్చారు మీరు?"

సరిగ్గా అప్పుడు వెనక నీళ్ళ చప్పుడు ఆగింది.

ఠక్కున. ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగింది. పార చప్పుడూ ఆగింది. వాన మాత్రం వసారా రేకుల మీద పడుతోంది.

"హమ్మయ్య," అంది సుహాసిని. "ఆగింది. పనిమంతుడండీ, ఎంతైనా."

నా చేతికింద కుళాయి వణికింది. రెండుసార్లు దగ్గింది. ఆ తర్వాత ధారగా నీళ్ళు వచ్చాయి.

ఇక్కడ నేను చేసిన పనికి మీరు నన్ను తిట్టుకోవచ్చు. ఇప్పుడు నాకూ అర్థం కాదు. కానీ ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నది ఒక్కటే. వాడు నా వెనకాలే వచ్చాడు. మైలతో నేను గడప దాటితే నాతోపాటే ఇంట్లో ఉండిపోతాడు. నీళ్ళు పోసుకుంటే తెగిపోతాడు, పోతాడు, పాప బతుకుతుంది. పెద్దవాళ్ళు ఊరికే చెప్పరు కదా! అందుకని పిల్ల దగ్గరికి పరిగెత్తవలసినవాణ్ణి, ఆ కుళాయి కింద గొంతుక్కూర్చుని దోసిళ్ళతో నెత్తిన నీళ్ళు పోసుకోవడం మొదలుపెట్టాను.

నీళ్ళు వెచ్చగా ఉన్నాయి.

పొద్దుటినుంచీ వాన, ఎండ మొహం చూడని ట్యాంకు. చల్లగా కొయ్యవలసిన నీళ్ళు. వెచ్చగా... మెత్తగా... పెదవుల మీదుగా కారాయి. ఏదో వాసన. తెలిసిన వాసనే. పిల్లని భుజాన వేసుకున్నప్పుడు మెడ దగ్గర కక్కుతుందే, ఆ విరిగిన పాల వాసన.

కిటికీలోంచి సుహాసిని ఇంకా మాట్లాడుతూనే ఉంది. భయం తీరిపోయినవాళ్ళు మాట్లాడే మాటలు. "మధ్యగది తడిసిపోయిందని పాపని ఎక్కడ పెట్టాలో తెలీలేదండీ. సోములే చెప్పాడు, 'వెనక వసారా మెరకమ్మా, అక్కడ నీళ్ళు రావు, ఉయ్యాల అక్కడ కట్టు' అని. మంచి ఆలోచనే. ఏం మనిషో గానీ మరీ మొహమాటం. తవ్వడానికి కూడా పర్మిషనే! 'అమ్మా, ఒక గుంట తీసుకోవాలి, తీసుకోనా?' అన్నాడు. తీసుకోవయ్యా, అడగడమెందుకు అన్నాను. కాసేపాగి మళ్ళీ వచ్చాడు. 'గుంట తీసుకోనా అమ్మా?' అని. తీసుకో తీసుకో అన్నాను. మళ్ళీ వచ్చాడండీ! మూడోసారి! 'బావేటీ అనుకోడు గదా?' అంటాడు. మీ బావ ఏమీ అనుకోరు, సంతోషిస్తారు, నీ ఇష్టమొచ్చినంత లోతుగా తీసుకో, ముందు నీళ్ళాగితే చాలు అన్నాను."

దోసిట్లో నీళ్ళు దోసిట్లోనే ఉన్నాయి.

సోములు నోట ఆ మాట ఎప్పుడూ ఒకే అర్థంతో విన్నాను. పెరట్లో ఎన్నిసార్లు తవ్వాడో లెక్కలేదు. తవ్వినప్పుడల్లా గొయ్యి అనేవాడు. "గొయ్యి తియ్యాలి బావా." గుంట అన్నది ఒక్కదాన్నే.

లేచాను. ఎలా లేచానో! తలుపు తోసుకుని, తడి కాళ్ళతో గడప దాటి, మధ్యగదిలో మడమల లోతు నీళ్ళల్లో జారిపడి, మళ్ళీ లేచి... వెనక వసారా. చీకటి. పాత చీరతో కట్టిన ఉయ్యాల ఊగుతోంది. మెల్లిగా... ఎవరో ఇప్పుడే చెయ్యి తీసినట్టు. లోపల చెయ్యి పెట్టాను. పొత్తిగుడ్డ వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం మధ్యలో పిల్ల లేదు.

నా వెనకే సుహాసిని కొవ్వొత్తితో వచ్చింది. "పాపేదండీ?" అంది. చాలా మామూలుగా అడిగింది. నేనే తీశాననుకుంది. "పాపేది? సోములూ! పాపని నువ్వెత్తుకున్నావా? సోములూ!"

పెరట్లో ఎవరూ లేరు. బండ పక్కన తవ్విన గొయ్యి పూడ్చేసి ఉంది. మట్టి ఎంత శుభ్రంగా తొక్కి సర్దాడంటే, బతికున్నన్నాళ్ళూ వాడు అంత శ్రద్ధగా పని చెయ్యలేదు. ఆ మట్టి మీద అడుగులు లేవు. వాన పడుతున్నా అక్కడ నీళ్ళు నిలవడం లేదు. మట్టి తాగేస్తోంది.

చేతులతో తవ్వాను. గోళ్ళు ఊడిపోయేలా తవ్వాను. సుహాసిని కూడా తవ్వింది, పచ్చి బాలింత, కుట్లు ఊడిపోతాయని కూడా చూసుకోకుండా. తవ్వుతూ పిలిచింది. ఏమని పిలుస్తుంది? పిల్లకి పేరు లేదు. పగలు అనుకున్న పేర్లన్నీ, నచ్చనివి కూడా, ఒకదాని తర్వాత ఒకటి పిలిచింది. మా అరుపులకి పక్కింటి అప్పలసూరి గోడ దూకి వచ్చాడు. గునపం, లాంతరు తెచ్చాడు. ముగ్గురం తవ్వాం. నడుం లోతులో పైపు తగిలింది. పగిలిన చోట కొత్త జాయింటు. చుట్టూ మరకైనా లేదు. అంతే. ఇంకేమీ లేదు.

అప్పలసూరి లాంతరు దించి, "సడి... సడి సెయ్యకండి," అన్నాడు. "ఇంటన్నారా?"

పైపు మీద చెవి పెట్టాను. లోపల, చాలా లోపల, పిల్ల ఏడుస్తోంది. ఆకలేసినప్పుడు ఏడ్చే ఏడుపు. నాకు తెలుసు, రాత్రుళ్ళు ఆ ఏడుపుకే లేచేవాణ్ణి. వానకి తడిసిన సుహాసిని రవికలోంచి పాలు కారాయి. ఏడుపు వింటే తల్లికి పాలు చేపుకొస్తాయి కదా. ఆ పాలు బురదలో పడుతుంటే ఆమె పైపుని కౌగలించుకుని, "ఇస్తాను తల్లీ, ఇస్తాను, ఇస్తాను" అంది.

గునపంతో పైపు పగలగొట్టాను. నీళ్ళు మొహాన్ని కొట్టాయి. ఏడుపు ముందుకి జరిగింది. గోడవైపు. అక్కడ తవ్వి పగలగొట్టాను. ఇంకా ముందుకి జరిగింది. అలా జరుపుకుంటూ పోయింది... ఏడుపు నీరసపడింది. చివరికి మగగొంతు ఒకటి, ముద్దముద్దగా, "ఊఁ... ఊఁ... లేదమ్మా, లేదమ్మా" అని బుజ్జగించడం వినిపించింది. ఆ తర్వాత ఏడుపు ఆగిపోయింది.

తెల్లారాక మేడెక్కి చూశాను. ట్యాంకు అడుగంటా ఎండిపోయి ఉంది. ఎప్పుడో సాయంత్రమే ఖాళీ అయినట్టుంది. కరెంటు లేదు, మోటారు వేసినవాళ్ళు లేరు. నేను నెత్తిన పోసుకున్న నీళ్ళు ఎక్కడివో నాకు చెప్పగలిగినవాళ్ళు లేరు.

పోలీసులొచ్చారు. పెరడంతా, వీధంతా మిషను పెట్టి తవ్వించారు. పైపు ముక్కలు దొరికాయి. సుహాసిని ఫోన్లో సోములు నంబరుకి వెళ్ళిన కాల్ ఉంది, మాట్లాడినట్టు కూడా ఉంది. సోములు ఫోను ఆ అపార్ట్‌మెంటు మట్టిలో పడిపోయి ఇప్పటికీ దొరకలేదని కుమారి చెప్పింది. చెప్పి నా కాళ్ళ మీద పడింది. "మా మనిషి అలాటోడు కాడు బావా, సీమకి కూడా అపకారం సెయ్యడు," అని. నిజమే. బతికినప్పుడు కాడు.

ఊరు ఊరుకుంటుందా? బాలింతకి మతి చెడి పిల్లని తానే ఏదో చేసుంటుందని చాటుగా అన్నారు, ఎదురుగానూ అన్నారు. స్టేషన్లో పోలీసులు అదే అడిగినప్పుడు సుహాసిని ఏడవలేదు. "నేనే ఇచ్చాను," అంది. "మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఇచ్చాను." ఆ మాట రాసుకున్నారు. అప్పలసూరి సాక్ష్యం చెప్పబట్టి ఇంటికి పంపారు. వాడు కూడా తర్వాత ఇల్లు ఖాళీ చేశాడు.

ఇంటికొచ్చిన రోజు రాత్రి ఆమె నన్నొక్కటే అడిగింది. "చచ్చిపోయాడని ఒక్క మాట చెబితే ఫోన్ చేసేదాన్నాండీ?"

పాలింకిపోతాయని చెప్పలేదు. ఆ పాలు రోజుల తరబడి ఆగలేదు. గుడ్డలు కట్టుకుని, జ్వరంతో మూలుగుతూ, పిండి పారబోసేది. ఎక్కడ పారబోస్తోందా అని ఒకరోజు వెనకాలే వెళ్ళి చూశాను. మేడ మీద, ట్యాంకు మూత తీసి, అందులోకి.

ఇల్లు అమ్మేద్దామన్నాను. అమ్మ కూడా కాళ్ళావేళ్ళా పడింది. సుహాసిని కదలనంది. మిగిలిన పాత పైపులన్నీ పీకించి, గోడల మీదుగా కొత్త లైను వేయించాను. వేసినవాడు వేరే ఊరివాడు. లాభం లేదు. వంటింట్లో కుళాయి చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది. వాషరు మార్చడానికి నేను వెళ్తే, సుహాసిని నా చేతిమీద అట్లకాడతో కొట్టింది. ఇప్పుడు నేను దాని జోలికి పోను. నీళ్ళలో నలకలు రాకుండా కుళాయికి తెల్లగుడ్డ కడతారు చూడండి, అలా కట్టింది. రోజూ పొద్దున్నే ఆ గుడ్డ విప్పి, పళ్ళెంలో దులుపుకుని, వేలితో కెలుకుతూ కూర్చుంటుంది.

సంక్రాంతి వెళ్ళాక మొదటిసారి నన్ను పిలిచి చూపించింది. ఇసక రేణువుల మధ్య సన్నగా, పలచగా, వంపు తిరిగి... గోళ్ళు. పసిపిల్ల గోళ్ళు. ఊడినవి కావు. అంచు తిన్నగా, జాగ్రత్తగా కత్తిరించినవి.

"ఎంత పదిలంగా తీస్తున్నాడో," అంది సుహాసిని. "చివర ఎక్కడా తెగలేదు."

ఆమె వాటిని పాత కాటుక భరిణెలో దాచుకుంది. అప్పట్నుంచి కొన్ని వారాలకొకసారి వస్తున్నాయి. ఒక్కోసారి ఒక్కో రవ్వ పెద్దవిగా. ఆమె చిటికెనవేలి గోటి పక్కన పెట్టి చూసుకుంటుంది. "పెరుగుతోందండీ," అంటుంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూడాలి. ఈ ఇంట్లో ఇంక సంతోషమంటే అదొక్కటే. దాన్ని కూడా తీసెయ్యడానికి నాకు మనసొప్పదు. ఆ సంతోషాన్ని చూస్తే నాకు సోములు మీద పుట్టేంత కోపం, వాడు పిల్లని ఎత్తుకుపోయినప్పుడు కూడా పుట్టలేదు.

ఇప్పుడు ఆషాఢం. మా వీధిలో ఆడపిల్లలందరూ చేతులకి ఆకు ముద్దలు పెట్టించుకుని తిరుగుతున్నారు.

నిన్న పొద్దున్న గుడ్డలో వచ్చిన గోళ్ళకి గోరింటాకు పండి ఉంది.